మెడిసిన్ మొదటి సంవత్సరం: మేం నలుగురం ఎలా చదివాం



నీట్ కౌన్సెలింగ్ మొదలైన కాడి నుంచి గ్రూపులో ఒకటే ప్రశ్న తిరుగుతోంది. "అక్కా, సీటు వచ్చేలా ఉంది, కానీ ఎంబీబీఎస్ మనవల్ల అవుతుందా? రోజుకి ఎన్ని గంటలు చదవాలి?" ఒక్కొక్కరికీ విడివిడిగా జవాబు చెప్పే బదులు మా రూములో నలుగురం కూర్చుని ఈ పోస్టు రాస్తున్నాం. టైపు చేసేది ఒకరే, మాట మాత్రం నలుగురిదీ. పెద్దదే అయింది, కాస్త ఓపిక పట్టి చదవండి.

ముందు మేమెవరమో చెప్తాం. ఒకరిది అరకు వైపు, ఒకరిది పాడేరు వైపు, ఒకరిది సీతంపేట వైపు, ఒకరిది చింతూరు వైపు. ఇళ్లల్లో మాట్లాడేది ఆదివాసీ ఒడియా, కువి, సవర, కోయ. నలుగురం ఒక దగ్గర కూర్చుంటే మాకు కుదిరే భాష తెలుగు. అందరం ఆశ్రమ పాఠశాలల్లో, గురుకులాల్లో చదువుకున్నోళ్లమే. నాలుగు ఇళ్లలోనూ కాలేజీ గడప తొక్కిన మొదటి మనుషులం మేమే. ఇప్పుడు మొదటి సంవత్సరం పరీక్షలు రాసేసి రెండో సంవత్సరంలోకి వచ్చాం. ఒకరి సంగతి ఇంకా తేలలేదు, అది కింద చెప్తాం.

ఎంత చదువు ఉంటుందంటే

ఎంబీబీఎస్ నాలుగున్నర సంవత్సరాలు, ఆపైన ఒక ఏడాది ఇంటర్న్‌షిప్. మొదటి సంవత్సరంలో మూడు పెద్ద సబ్జెక్టులు: అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ. ఒక్కోదానికి రెండు థియరీ పేపర్లు, అంటే మొత్తం ఆరు పేపర్లు. మూడు ప్రాక్టికల్స్, వాటితో పాటు వైవా. వైవా అంటే ఎదురుగా కూర్చోబెట్టి నోటితో అడగడం. హాజరు థియరీలో 75 శాతం, ప్రాక్టికల్స్‌లో 80 శాతం ఉండాలి, లేకపోతే పరీక్షకే కూర్చోనివ్వరు.

2019లో కొత్త సిలబస్ వచ్చినప్పుడు వేసిన లెక్కలో అనాటమీకి 675 గంటలు, ఫిజియాలజీకి 495, బయోకెమిస్ట్రీకి 250 గంటలు పెట్టారు. కలిపితే 1,420. అందులో విద్యార్థి తనంతట తాను నేర్చుకోవడానికి రాసిన గంటలు 40, 25, 20. కలిపితే 85. తర్వాత లెక్కలు కొంచెం మారాయి గానీ వరస అదే. మిగతా చదువంతా హాస్టల్లో, మన నిద్రలోంచి తీసుకోవాల్సిందే.

రోజు ఎలా ఉంటుందంటే, పొద్దున లెక్చర్లు, తర్వాత డిసెక్షన్ హాలు, మధ్యాహ్నం ల్యాబు. సాయంత్రం రూముకి వచ్చేసరికి చేతులకి ఫార్మలిన్ వాసన. ఎంత సబ్బు పెట్టి కడిగినా అన్నం ముద్ద నోటి దాకా వచ్చేసరికి అదే వాసన తగులుతుంది. మొదటి వారం మాలో ఇద్దరం మెస్సులో పెరుగన్నం తప్ప ఇంకేం తినలేకపోయాం. చెల్లెళ్లూ, భయపడకండి, పది రోజుల్లో అలవాటైపోతుంది.

ఆ తర్వాత రికార్డులు. హిస్టాలజీ రికార్డులో ఒకటే గులాబీ రంగు, ఒకటే ఊదా రంగు, సంవత్సరమంతా ఆ రెండు పెన్సిళ్లే. ఒక భాగం డిసెక్షన్ అయిపోయిన ప్రతిసారీ పార్ట్ కంప్లీషన్ పరీక్ష ఉంటుంది. చెయ్యి అయిందా, ఒక పరీక్ష. కాలు అయిందా, ఇంకోటి. ఈలోపు ఇంటర్నల్స్. ఒకటి పూర్తిగా చదివి రెండోదానికి వెళ్దాం అనుకునే వీలుండదు, మూడూ ఒకేసారి నడుస్తుంటాయి.

ఇదంతా అందరికీ ఉన్న బరువే. పట్నంలో డాక్టర్ల పిల్లలకీ ఇదే టైమ్‌టేబుల్, ఇదే ఫార్మలిన్. మనకి దీనిమీద ఇంకో మూడు మూటలు ఉంటాయి. వాటి గురించి ఎవరూ ముందుగా చెప్పరు, కాబట్టి మేం చెప్తున్నాం.

మొదటి మూట: భాష

నీట్ తెలుగులో రాయొచ్చు. సీటు వచ్చాక పుస్తకం ఇంగ్లిష్, లెక్చర్ ఇంగ్లిష్, వైవా ఇంగ్లిష్. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివిన మాకు తెలుగే రెండో భాష. అంటే ఇంగ్లిష్ మూడోది.

మొదటి నెలలో చౌరాసియా పుస్తకంలో ఒక పేజీ చదవడానికి గంట పట్టేది. అప్పుడు ఒక సీనియర్ అక్క వచ్చి ఒక మాట చెప్పింది. "స్టెర్నోక్లైడోమాస్టాయిడ్ అనే మాట ఎవరింట్లో మాట్లాడుకుంటారే? కాన్వెంటు పిల్లలకి మాత్రం పుట్టుకతో వచ్చిందా? అది లాటిన్, గ్రీకు. దానికాడ అందరూ ఒకటే." ఆ మాటతో మాకు సగం భయం పోయింది. అప్పటి నుంచి పెద్ద మాటల్ని విడగొట్టి చదవడం మొదలుపెట్టాం. మయో అంటే కండరం, ఆస్టియో అంటే ఎముక, హెపాటో అంటే కాలేయం, చివర్న ఐటిస్ వస్తే వాపు. రోజుకి పది ముక్కలు గోడ మీద అంటించాం. మూడు నెలలకి పుస్తకంలో సగం మాటలు వాటంతట అవే విడిపోవడం మొదలైంది.

అసలు ఇబ్బంది మామూలు ఇంగ్లిష్‌తో. "నథింగ్ బట్" అంటే ఏమిటి, "హెన్స్" అంటే ఏమిటి, ఇలాంటివి. దానికి వేరే నోటుబుక్కు పెట్టాం. అనాటమీ మాట తెలియకపోతే క్లాసులో పక్కోళ్లని అడగొచ్చు, వాళ్లకీ తెలియదు కాబట్టి నవ్వరు. ఈ చిన్న మాటలు అడిగితే నవ్వుతారు. అందుకే అవి రూములోనే అడుక్కున్నాం.

ఇంకోటి. విన్నదాన్ని రాత్రికి ఎవరింటి భాషలో వాళ్లం ఒకసారి చెప్పుకునేవాళ్లం, బయటికి, గట్టిగానే. గుండెలోకి రక్తం ఎటునుంచి వస్తుంది, ఎటు పోతుంది అన్నది కోయలో చెప్పగలిగితే అది అర్థమైనట్టు. చెప్పలేకపోతే బట్టీ పట్టినట్టు. మలేరియాలో ప్లీహం పెరుగుతుందని క్లాసులో విన్న రోజున, మా ఊళ్లల్లో ముసలోళ్లు "కడుపులో బల్ల" అనేది దీన్నే కదా అని నలుగురికీ ఒకేసారి తట్టింది. ఆ పాఠం మళ్లీ చదవాల్సిన పని పడలేదు. మనం ఖాళీ బుర్రలతో రావడం లేదు తమ్ముళ్లూ. మన దగ్గర ఉన్నదానికి పుస్తకంలో వేరే పేరుంటుంది, అంతే.

రెండో మూట: ఇంటి ఫోన్లు

మన ఊళ్లో ఎవరికైనా మెడికల్ సీటు వచ్చిందంటే ఆ రోజు నుంచే ఆ పిల్ల డాక్టరే. మొదటి సంవత్సరంలో ఇంకా ఎముకల పేర్లే నేర్చుకుంటున్నాం అని చెప్పినా వినరు. "అమ్మా, పెద్దాసుపత్రికి తీసుకొస్తున్నాం, నువ్వు గేటు దగ్గర ఉండు" అని ఫోను. రక్త పరీక్ష కాగితం వాట్సాప్‌లో పెట్టి చదవమనడం. ఆరోగ్యశ్రీ కౌంటరు ఎక్కడ, ఓపీ చీటీ ఎక్కడ, ఏ గదికి పోవాలి అన్నీ మనమే. డాక్టరు చెప్పింది వాళ్లకి వాళ్ల భాషలో చెప్పేదీ మనమే.

నలుగురం లెక్కేసుకుంటే పోయిన ఏడాది అలా తోడు వెళ్లిన రోజులు యాభైకి పైనే వచ్చాయి. పోకుండా ఉండలేం. డోలీ కట్టి రోడ్డు దాకా మోసుకొచ్చి, అక్కడి నుంచి వంద కిలోమీటర్లు వచ్చిన మనిషిని క్లాసుందని ఎలా వదిలేస్తాం? కానీ హాజరు 75 శాతం అన్నది మన ఊరికి తెలియదు.

మేం చేసిందేంటంటే వంతులు పెట్టుకున్నాం. ఎవరి ఊరి మనిషి వచ్చినా సరే, ఆ రోజు వంతు ఎవరిదైతే వాళ్లే వెళ్లాలి. భాష కుదరనప్పుడు ఫోన్లో ఆ భాష వాళ్లు మాట్లాడతారు. మిగతా ముగ్గురు క్లాసులో నోట్సు రాసి రాత్రికి వెళ్లినామెకి చెప్పాలి. మన పోడు పనుల్లో ఈ రోజు మీ చేలో, రేపు మా చేలో అని అందరం కలిసి కలుపు తీసినట్టే అన్నమాట. ఆ పద్ధతి మనకి ఎవరూ నేర్పక్కర్లేదు.

మూడో మూట: నిరూపించుకోవడం

మొదటి రోజు పరిచయాల్లో పేరు తర్వాత అడిగేది ర్యాంకు. అది ఎందుకు అడుగుతున్నారో అడిగినోళ్లకీ తెలుసు, మనకీ తెలుసు. నలుగురిలో ముగ్గురం ఏదో ఒక రోజున "రిజర్వేషన్ సీటు కదా" అన్న మాట వెనకనుంచి విన్నోళ్లమే. ఆంధ్రాలో మనకి ఆరు శాతం, తెలంగాణలో 2022 నుంచి పది శాతం. ఆ శాతం గేటు దాకానే. లోపలికొచ్చాక యూనివర్సిటీ పేపరు ఒకటే, పాస్ మార్కు ఒకటే. సమాధాన పత్రం మీద కులం గడి ఉండదు. దాటితే అందరిలాగే దాటినట్టు.

ఇది మనం ఊహించుకుంటున్న బాధ కూడా కాదు. ఢిల్లీ ఎయిమ్స్‌లో ఎస్సీ, ఎస్టీ విద్యార్థుల పరిస్థితి చూడమని 2006లో ప్రొఫెసర్ సుఖదేవ్ థోరాట్ అధ్యక్షతన ప్రభుత్వం కమిటీ వేసింది. అక్కడ వివక్ష ఉందని ఆ కమిటీ 2007లో నివేదిక ఇచ్చింది. 2019 మే నెలలో ముంబైలో పీజీ చదువుతున్న ఆదివాసీ డాక్టర్ పాయల్ తడ్వి చనిపోయినప్పుడు మేం స్కూలు పిల్లలం. ఆమె పేరు మాత్రం మా హాస్టల్లో ప్రతి బ్యాచూ కొత్తవాళ్లకి చెప్తుంది. భయపెట్టడానికి కాదు, ఏదైనా జరిగితే ఒంటరిగా మోయొద్దని.

ఈ మూట వల్ల చదువు మీద పడే దెబ్బ ఒకటుంది, దాన్ని గమనించుకోండి. తెలియదని తెలిస్తే మళ్లీ అదే మాట అంటారని డౌటు అడగడం మానేస్తాం. వెనక బెంచీకి పోతాం. వైవాలో జవాబు తెలిసి కూడా గొంతు రాదు. మాలో ఒకరికి థియరీలో మంచి మార్కులు వచ్చాయి, అదే ప్రశ్నకి వైవాలో మాట పెగల్లేదు. అందుకని రోజూ రాత్రి భోజనం తర్వాత పది నిమిషాలు రూములో వైవా పెట్టుకున్నాం. ఒకరు నిలబడాలి, ముగ్గురు కుర్చీల్లో కూర్చుని అడగాలి. కళ్లలోకి చూస్తూ ఇంగ్లిష్‌లో చెప్పాలి. తప్పు ఇంగ్లిష్ అయినా పర్లేదు, గొంతు పైకి రావాలి. మొదట్లో నవ్వులాటగా ఉండేది. రెండు నెలలకి డిపార్ట్‌మెంటులో నిలబడితే కాళ్లు వణకడం తగ్గింది.

ఎలా చదివాం

ఆశ్రమ పాఠశాలలో మన చదువంటే గట్టిగా పదిసార్లు చదవడం. పదో తరగతికి, ఇంటర్‌కి అది సరిపోయింది, ర్యాంకు కూడా దానితోనే వచ్చింది. ఇక్కడ పదిసార్లు చదవడానికి టైము లేదు, పేజీలు అన్ని ఉంటాయి.

జ్ఞాపకం మీద జరిగిన రెండు పనుల గురించి మాకు ఒక మేడమ్ చెప్పారు. ఎబింగ్‌హాస్ అనే జర్మన్ ఆయన అర్థం లేని అక్షరాల ముక్కలు తానే బట్టీ పట్టి, ఎంతసేపట్లో ఎంత మర్చిపోతున్నాడో లెక్క రాసుకుని 1885లో పుస్తకం వేశాడు. నేర్చుకున్న మొదటి కొన్ని గంటల్లోనే ఎక్కువ పోతుంది, తర్వాత పోవడం నెమ్మదిస్తుంది. రెండోది 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు చేసింది. కొంతమంది విద్యార్థులు పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివారు. ఇంకొంతమంది చదివి, మూసేసి, గుర్తున్నది రాశారు. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినోళ్లే కొంచెం ముందున్నారు. వారం తర్వాత పెడితే మూసేసి రాసినోళ్లు బాగా ముందున్నారు.

ఇది విన్నాక మాకు రాత్రిపూట వచ్చే "అన్నీ వచ్చేసినట్టే ఉంది" అనే ధీమా ఎక్కడిదో తెలిసింది. అది అయిదు నిమిషాల ధీమా. పరీక్ష వారాల తర్వాత ఉంటుంది.

దాన్నిబట్టి మేం పెట్టుకున్న పద్ధతి ఇది:

క్లాసులో చెప్పింది అదే రోజు రాత్రి ఒకసారి, పుస్తకం మూసి, తెల్లకాగితం మీద. గుర్తొచ్చినంత రాసి, రానిది మాత్రమే పుస్తకంలో చూడాలి. మళ్లీ మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఒకటో రోజు. తేదీలు క్యాలెండరు మీద రాసి పెట్టుకున్నాం. చాలామంది దీనికి ఆంకీ అనే యాప్ వాడతారు. ఆండ్రాయిడ్ ఫోన్లో ఉచితమే, బాగుంటుంది. మాకు మంచి ఫోను ఒకటే ఉంది కాబట్టి పాత రికార్డు పుస్తకాల అట్టలు కోసి చీటీలు చేశాం. ముందు ప్రశ్న, వెనక జవాబు. నాలుగు పాత స్వీటు డబ్బాలు: రోజువి, మూడు రోజులవి, వారానివి, మూడు వారాలవి. జవాబు వస్తే చీటీ పక్క డబ్బాలోకి, రాకపోతే మళ్లీ మొదటి డబ్బాలోకి.

ఒక సబ్జెక్టుకి ఒకటే పుస్తకం. మొదటి నెలలో అందరూ నాలుగు పుస్తకాల పేర్లు చెప్తారు, వీడియో యాప్‌లు కొనమంటారు. ఒక పుస్తకం నాలుగుసార్లు చదవడం నాలుగు పుస్తకాలు ఒక్కోసారి చదవడం కంటే మాకు ఎక్కువ పనికొచ్చింది. పటాలకి లైబ్రరీలో అట్లాసు ఉంటుంది, చాలు.

ఎముకలు చేత్తో పట్టుకునే చదవాలి. ఎముక మీద కండరాలు ఎక్కడ అతుక్కుంటాయో చాక్‌పీసుతో గీసి, తుడిచి, మళ్లీ గీయాలి. మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయి. వాటి వరస గుర్తుండటానికి వేరేవాళ్లు ఏవేవో ఇంగ్లిష్ వాక్యాలు చెప్తారు. మేం మొదటి అక్షరాలు తీసి థింసా అడుగులకి కట్టాం. స్కా, లూ, ట్రై, పీ అని నాలుగడుగులు ముందుకి, ట్రా, ట్రా, కా, హా అని నాలుగడుగులు వెనక్కి. స్కాఫాయిడ్, లూనేట్, ట్రైక్వెట్రల్, పిసిఫార్మ్. ట్రపీజియం, ట్రపిజాయిడ్, కాపిటేట్, హామేట్. పరీక్ష హాల్లో బెంచీ కింద కాళ్లు వాటంతట అవే ఆడాయి.

నైట్ అవుట్లు అని ఉంటాయి, తెల్లవార్లూ చదవడం. హాస్టల్లో అదో గొప్ప. మా ఇళ్లల్లో కోడి కూతకి లేస్తారు, మా ఒంటికి అదే అలవాటు. పదిన్నరకి పడుకుని నాలుగున్నరకి లేచాం. అప్పుడు బాత్రూము ఖాళీ, రీడింగ్ రూము ఖాళీ, ఫోన్లు మోగవు. చదివింది మెదడులో కుదురుకునేది నిద్రలోనే అని ఫిజియాలజీలోనే చదువుతాం కదా.

కాబట్టి "రోజుకి ఎన్ని గంటలు" అన్నదానికి మా జవాబు: కాలేజీ ఉన్న రోజు సొంతంగా మూడున్నర, నాలుగు గంటలు. సెలవు రోజు ఏడెనిమిది. పరీక్షల ముందు అంతకన్నా ఎక్కువ. పన్నెండు, పద్నాలుగు గంటలు అని చెప్పేవాళ్లని చూసి కంగారు పడకండి. పుస్తకం మూసి ఎంత చెప్పగలిగారు అన్నదే లెక్క.

నీరసం గురించి ఒక ముఖ్యమైన విషయం

దీన్ని మాత్రం అమ్మాయిలు తప్పకుండా చదవండి.

మధ్యాహ్నం ల్యాబులో మాకు నిద్ర ముంచుకొచ్చేది. మెట్లెక్కితే ఆయాసం. సాయంత్రం ఆరింటికి తల బరువు. "శ్రద్ధ లేదు" అని క్లాసులో ఒకటి రెండుసార్లు మాట కూడా పడ్డాం. ఫిజియాలజీ ప్రాక్టికల్స్‌లో ఎవరి వేలు వాళ్లే గుచ్చుకుని, సాలీ గొట్టంలో రక్తం వేసి, రంగు పోల్చి హిమోగ్లోబిన్ చూసుకునే రోజు ఒకటి వస్తుంది. మా నలుగురికీ వచ్చిన అంకెలు 9, 9.5, 10, 11. ఆడవాళ్లకి 12 కంటే తక్కువైతే రక్తహీనత అని అదే పుస్తకంలో ఉంది. మాకు లేనిది శ్రద్ధ కాదు, ఐరన్.

ఆ రోజు టేబుల్ దగ్గర ఉన్న మేడమ్ మమ్మల్ని పక్కకి పిలిచి ఓపీకి పంపారు. సరైన పరీక్షలు చేయించారు. ఐరన్ మాత్రలు, నులిపురుగుల మాత్ర ఇచ్చారు. మాత్ర వేసుకున్నప్పుడు టీ తాగొద్దు, నిమ్మరసంతో అయితే మంచిది అన్నారు. మూడు నెలలకి ముగ్గురికి 12 దగ్గరికి వచ్చింది. మధ్యాహ్నం నిద్ర సగం తగ్గింది. చదివే పద్ధతి ఎంత మార్చినా రాని మార్పు ఆ మాత్రలతో వచ్చింది.

అప్పుడే సికిల్ సెల్ పరీక్ష కూడా చేశారు. మాలో ఒకరికి ట్రెయిట్ అని వచ్చింది. ఇది రాయమని చెప్పింది ఆమే. ట్రెయిట్ అంటే జబ్బు కాదు. అమ్మానాన్నల్లో ఒకరి నుంచి మాత్రమే ఆ జన్యువు వచ్చిందని. బయోకెమిస్ట్రీలో ఇది ఒక పేజీ పాఠం: హిమోగ్లోబిన్ బీటా గొలుసులో ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం బదులు వేలిన్. అంత చిన్న మార్పు. మలేరియా ఉన్న చోట్ల ట్రెయిట్ ఉన్నవాళ్లకి ఆ జ్వరం ప్రాణాంతకం కాకుండా కొంత కాపు ఉంటుంది. అందుకే అడవి ప్రాంతాల్లో ఈ జన్యువు నిలబడింది. మన దేశంలో దీన్ని మొదట 1952లో నీలగిరి ఆదివాసీల్లోనే గుర్తించారు. 2047 నాటికి నిర్మూలించాలని కేంద్రం 2023 జులై 1న మిషన్ కూడా మొదలుపెట్టింది. ఇద్దరు ట్రెయిట్ ఉన్నవాళ్లు పెళ్లి చేసుకుంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకి జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. అందుకే ముందుగా తెలుసుకోవాలి.

క్లాసులో మిగతా నూటయాభై మందికి అది రెండు మార్కుల ప్రశ్న. మాకు ఆ పేజీలో ఉన్నది మా మేనత్త, మా పక్కింటి పిల్లాడు. మేం ఈ కాలేజీలో ఎందుకు ఉన్నామో ఆ వారంలో తెలిసినంతగా ఇంకెప్పుడూ తెలియలేదు.

మాలో ఒకరి సంగతి

రిజల్ట్స్ వచ్చినప్పుడు మాలో ముగ్గురం మూడు సబ్జెక్టులూ దాటాం. ఒకరికి అనాటమీ పోయింది. వానల్లో వాళ్లమ్మకి జ్వరం ముదిరింది. రోడ్డు దాకా డోలీ, తర్వాత పీహెచ్‌సీ, తర్వాత ఏరియా ఆసుపత్రి. ఇంట్లో తెలుగు సరిగ్గా మాట్లాడగలిగింది ఆమె ఒక్కతే. పద్దెనిమిది రోజులు అక్కడే ఉంది. అమ్మ బతికింది. ఆ పద్దెనిమిది రోజుల్లో ఛాతీ డిసెక్షన్ మొత్తం అయిపోయింది. ఎంత చెప్పినా, కాగితం మీద గీసినా, చేత్తో కోసి చూడనిది చూసినట్టు కాదు.

రిజల్ట్ వచ్చాక ఆమె ఇంటికెళ్లి ఫోను ఎత్తలేదు. నాలుగో రోజున మేం ముగ్గురం బస్సెక్కి, చివర్న ఏడు కిలోమీటర్లు నడిచి వాళ్ల ఊరు వెళ్లాం. ఇక రాను, తమ్ముడు చదువుకుంటాడు, నేను పనికెళ్తా అంది. మేం రూలు చెప్పాం: సప్లిమెంటరీ ఉంటుంది, అది పాసైతే మాతోనే రెండో సంవత్సరం. మొదటి సంవత్సరం దాటడానికి మొత్తం నాలుగు అవకాశాలు, కోర్సు మొత్తానికి తొమ్మిదేళ్లు. అరుగు మీద కూర్చున్న వాళ్ల నాన్న అంతా విని ఒకటే అడిగాడు. "నాలుగు అన్నారు కదమ్మా, ఒకటే కదా అయింది?" మాకు అవునని చెప్పడం తప్ప ఇంకేం మిగల్లేదు. మర్నాడు పొద్దున నలుగురం కలిసే కొండ దిగాం.

తర్వాత ముప్ఫై అయిదు రోజులు అనాటమీ ఆమె ఒక్కతే కాదు, నలుగురం చదివాం. మిగతా ముగ్గురికి అది అయిపోయిన సబ్జెక్టే, అయినా రాత్రి వైవాలో ఆమె చెప్తుంటే మేం విన్నాం. ఒక సార్ సాయంత్రాలు మ్యూజియంలో ఛాతీ నమూనాలు దగ్గరుండి చూపించారు. వెళ్లి అడగ్గానే ఒప్పుకున్నారు. పరీక్ష రాసింది. ఈ పోస్టు పెట్టే నాటికి రిజల్ట్ ఇంకా రాలేదు. వచ్చాక చెప్తాం, ఏదొచ్చినా చెప్తాం.

మన పిల్లలు ఒక్క సబ్జెక్టు పోతే మొత్తం వదిలేసి ఊరెళ్లిపోయిన కథలు ఈ గ్రూపులో చాలామందికి తెలుసు. పట్నం పిల్లలకి కూడా సబ్జెక్టులు పోతాయి. వాళ్లింట్లో ఎవరో ఒకరు "మా టైములో నాకూ పోయింది" అంటారు. మనింట్లో అలా చెప్పేవాళ్లు లేరు. ఆ మాట ఇకనుంచి మనమే ఒకరికొకరం చెప్పుకోవాలి.

మనసు మరీ బరువెక్కితే 14416కి చేయండి. టెలీ మానస్ అంటారు, 2022 నుంచి ఉంది. డబ్బులు తీసుకోరు, తెలుగులో మాట్లాడతారు. మాలో ఒకరం చేశాం. అవతలివాళ్లు ఓపిగ్గా విన్నారు.

చేరబోయేవాళ్లు ముందే చేసుకోవాల్సినవి

కుల ధ్రువీకరణ, ఆదాయం, స్టడీ సర్టిఫికెట్లు ఒక్కోటి పది జిరాక్సులు. స్కాలర్‌షిప్ ఆలస్యమైతే మెస్ బిల్లుకి రెండు నెలల డబ్బు చేతిలో ఉండేలా చూసుకోండి. పుస్తకాలు కొత్తవి కొనకండి, సీనియర్ల దగ్గర సగం ధరకి దొరుకుతాయి. హిమోగ్లోబిన్, సికిల్ సెల్ పరీక్షలు మీ పీహెచ్‌సీలోనే చేయించుకుని రండి. ఇంట్లోవాళ్లకి హాజరు రూలు మీ భాషలో, మీ నోటితో, బయల్దేరే ముందే చెప్పండి. చేరిన మొదటి వారంలోనే మన పిల్లలు ఇంకెవరున్నారో వెతుక్కోండి. ఏ ఐటీడీఏ అయినా, ఏ తెగ అయినా సరే.

మా దగ్గర ఒక ఎముకల సెట్టు ఉంది. ఎడమ చెయ్యి వైపు రెండు ఎముకలు తక్కువ, మిగతాదంతా బాగానే ఉంది. మాకు సీనియర్ అక్క ఊరికే ఇచ్చింది, ఆమెకి ఇంకో అక్క ఇచ్చిందట. చీటీల డబ్బాలు నాలుగూ కూడా ఉన్నాయి, ఛాతీ చీటీలు మాత్రం రిజల్ట్ వచ్చేదాకా మా దగ్గరే ఉంటాయి. ఈ ఏడాది చేరే చెల్లెళ్లు ఎవరికి కావాలో కింద చెప్పండి. అబ్బాయిలకైతే బాయ్స్ హాస్టల్లో అన్నయ్యల దగ్గర ఇంకో సెట్టు ఉంది, వాళ్లతో మాట్లాడి పెడతాం.